నేను రాసిన డెబ్బై రెండు కిలోలు

అక్క బరువు డెబ్బై రెండు కిలోలని రాసింది నేనే. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. ఎమ్మిగనూరులో ఆమె జాకెట్లు కుట్టే ముందుగదిలో స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని ఆరోగ్య బీమా ఫారం నింపుతున్నాను. పేరు, పుట్టిన తేదీ అయ్యాయి. ఎత్తు ఎంత అని అడిగితే టేపు నా చేతికిచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. నూట యాభై ఐదు సెంటీమీటర్లు. దాని కింది గడి బరువు.

తలెత్తి ఆమెను చూశాను. అప్పటికి మళ్లీ మిషను దగ్గర కూర్చుని, పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని, ఎవరిదో చేతిపట్టీ సరిచూస్తోంది. కుర్చీ ఆమెకు చాలడం లేదు. నేను తల దించుకుని డెబ్బై రెండు అని రాసి, కింది గడికి వెళ్లిపోయాను.

"బీపీ, సుగర్ ఏమన్నా ఉండాయా అక్కా?"

ఆమె సూదులు తీసి చేతిలో పెట్టుకుంది. "సుగర్ ఉండాది గదరా. పోయినేడు నుంచి మాత్ర మింగుతాండా. రాయి."

రాశాను. అది దాచకుండా రాసినందుకు ఆ పూట నేను చాలా నిజాయితీపరుడినని కూడా అనుకున్నాను. ఆమె ఫారం చదవలేదు. నేను పెన్సిలుతో గుర్తు పెట్టిన మూడు చోట్లా సంతకం చేసి, "టీ తాగి పో" అంది.

ఆమె మా పెద్దమ్మ కూతురు. నాకంటే ఆరేళ్లు పెద్ద. పెద్దకడుబూరు దగ్గర మా రెండిళ్లూ ఒకే సందులో ఉండేవి. మా అమ్మ పత్తి తీయడానికి కూలికి పోయిన రోజుల్లో నాకు అన్నం పెట్టింది, తల దువ్వింది, బడికి పంపింది ఈ అక్కే. చిన్నప్పటి నుంచీ లావు మనిషి. ఊళ్లో వాళ్లు ఆమె పేరుకు ముందు ఒక మాట తగిలించి పిలిచేవాళ్లు. ఆ మాట ఇక్కడ రాయను. నేనూ అలా పిలిచినవాడినే, ఆమె పెట్టిన అన్నం తింటూనే. తనకు సరిపోయే జాకెట్టు ఏ దర్జీ దగ్గరా సరిగా కుదరక, పదహారేళ్లకే తనే కుట్టడం నేర్చుకుంది. పెళ్లై ఎమ్మిగనూరు వచ్చాక అదే ఆమెకు బతుకుతెరువైంది. బావ మగ్గం నేసేవాడు. మగ్గాలు సాగక ఇప్పుడు ఒక చీరల కొట్టులో పనిచేస్తున్నాడు. పిల్లలు లేరు.

ఆదోనిలో నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు ఆమె కాలేజీకి వచ్చింది. బావతో ఏదో పని మీద ఊళ్లోకి వచ్చి, నాకోసం జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి క్యారియర్‌లో పెట్టి తెచ్చింది. గేటు దగ్గర ఆమెను చూసి నా స్నేహితులు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. "ఎవరురా ఆమె?" అని ఒకడు అడిగాడు. "మా ఊరామె" అన్నాను. అక్క నాలుగడుగుల దూరంలో ఉంది. వినపడిందో లేదో నాకు తెలియదు. క్యారియర్ ఇచ్చి, "బాగా తిను, చిక్కిపోయినావు" అని వెళ్లిపోయింది. ఇంతవరకూ నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

బరువు గడి దగ్గర నేను అడగకపోవడానికి మర్యాదే కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆడమనిషిని, అందులోనూ అక్కను, అంత లావు మనిషిని బరువెంత అని ఎలా అడుగుతాం? ఇందులో కొంత నిజముంది. మిగతా నిజం ఇది. బరువు ఒక హద్దు దాటితే ఫైలు వైద్య పరీక్షలకు పోతుందని, కర్నూలుకు తీసుకెళ్లి రక్తపరీక్షలు చేయించాలని, ప్రీమియం పెంచుతారని, రెండు మూడు వారాలు ఆలస్యమవుతుందని నాకు బీమా ఏజెంటు శిక్షణలో చెప్పారు. అది మార్చి చివరి వారం. ఆ నెల లక్ష్యానికి నాకు ఇంకో రెండు పాలసీలు కావాలి. మర్యాద ముందు నిలబడింది, అవసరం దాని వెనక నక్కింది.

అంతకు ముందు నేను ఆదోనిలో పత్తి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. సీజను లేనప్పుడు పని ఉండేది కాదు. అందుకని ఏజెంటుగా చేరాను. మనిషిని నమ్మించడం నాకు బాగా వచ్చు. "ఆస్పత్రిలో పడుకుంటే చాలప్పా, తక్కినదంతా కంపెనీ చూసుకుంటుంది" అనేవాణ్ణి. పాలసీతో పాటు నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చేది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చేవాణ్ణి. వాళ్లు దాన్ని పట్టాదారు పాసుపుస్తకం పక్కన బీరువాలో దాచుకునేవాళ్లు. ఆ పుస్తకం వాళ్లు చదవలేదు. అమ్మిన నేనూ చదవలేదు.

అక్క పాలసీకి నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు ఆమె ఆరోగ్యం బాగా చెడింది. మోకాళ్లు సహకరించడం మానేశాయి. సుగరు మాత్రలు పోయి ఇన్సులిన్ వచ్చింది, అయినా దిగలేదు. అన్నిటికంటే నిద్ర. పడుకుంటే ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేది. పగలు మిషను మీద తల వాల్చి కునుకు తీస్తూ ఒకసారి వేలిలోకి సూది దిగింది. బావ ఆమెను కర్నూలుకు తీసుకుపోయాడు. అక్కడ నిద్ర పరీక్ష చేశారు. ఏడాదిగా ఆహార నియమాలు పాటించినా బరువు దిగలేదని కాగితాల్లో చూసి, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఆపరేషన్ అంటాండారు. మీ బావ శానా బయపడినాడు. నేనైతే బయపడలేదు. మా తమ్ముడు చేసిన పాలసీ ఉండాదిలే అని సెప్పినా."

"కనుక్కుని చెప్తానక్కా" అన్నాను.

మా ఆదోని ఆఫీసులో నా పైఅధికారి ఒకాయన ఉండేవాడు. నాకంటే చిన్నవాడే. ల్యాప్‌టాప్ మీంచి తల తిప్పకుండానే, "లావు తగ్గే ఆపరేషన్లు రావన్నా. అది ఎక్స్‌క్లూజన్. పెద్ద అక్షరాలతో రాసిండారు. రాదని చెప్పెయ్" అన్నాడు. ఎక్స్‌క్లూజన్ అంటే మినహాయింపు. కంపెనీ డబ్బు కట్టనని ముందే రాసిపెట్టుకున్న జబ్బులు, చికిత్సలు. నేను పావుగంటలో అక్కకు ఫోన్ చేసి రాదని చెప్పేశాను.

అటువైపు మిషను చప్పుడు ఆగిపోయింది.

"అంతేలేరా" అంది చివరికి. "నేను తిని పెంచుకున్న ఒళ్లుకి వాళ్లేమిటికి ఇస్తారు. అడిగిందే తప్పు." మళ్లీ, "పుస్తకంలో అట్లనే రాసిండారా?" అని అడిగింది.

"ఆ, రాసిండారక్కా" అన్నాను. పుస్తకం నేను తెరిచి కూడా చూడలేదు.

"అడిగిందే తప్పు" అన్న మాట నన్ను వదల్లేదు. మర్నాడు కోడుమూరులో ఒక పాలసీ రెన్యువల్ పని ఉండి బస్సెక్కాను. ఆఫీసులో ఉన్న ఆ పుస్తకం కాపీ ఒకటి సంచిలో పెట్టుకున్నాను. ఏజెంటునైన ఆరేళ్లలో మొదటిసారి మినహాయింపుల పేజీ తెరిచాను. స్థూలకాయం, బరువు నియంత్రణ అని పెద్ద అక్షరాల శీర్షిక ఉంది. మా అధికారి అక్కడితో ఆగిపోయాడు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఉంది. ఒకసారి చదివితే అర్థం కాలేదు. రాదు అన్న మాటలోనే ఎప్పుడు వస్తుందో కూడా కలిపి మడతపెట్టి రాశారు. నాలుగుసార్లు చదివాక మడత విడింది.

కింది షరతులన్నీ నెరవేరకపోతేనే ఆ ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వరు. ఆపరేషన్ డాక్టరు సలహా మీద జరగాలి. వైద్యశాస్త్రం ఒప్పుకున్న పద్ధతిలో జరగాలి. మనిషికి పద్దెనిమిదేళ్లు నిండాలి. బీఎంఐ, అంటే ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క, నలభై అయినా ఉండాలి. లేదా ముప్పై ఐదు ఉండి, వేరే దారుల్లో బరువు తగ్గక, దానితోపాటు తీవ్రమైన గుండె జబ్బో, నిద్రలో ఊపిరాగే జబ్బు ముదిరిపోవడమో, అదుపులోకి రాని సుగరో ఉండాలి. అందం కోసం, సన్నబడ్డానికి చేయించుకునేవి రావు. ప్రాణం మీదికి వచ్చినవి వస్తాయి. నాకు అర్థమైంది అంతే.

ఫోన్ తీసి లెక్క వేశాను. కర్నూలులో తూచిన బరువు నూట పన్నెండు. బీఎంఐ నలభై ఆరు దాటింది. నిద్ర జబ్బు ఉంది, సుగరు ఉంది, డాక్టరు కాగితం ఉంది. పాత జబ్బులకు ఆగాల్సిన మూడేళ్లు ఎప్పుడో నిండాయి. అక్కకు వస్తుంది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది, నాకు మాత్రం ఒంట్లో చల్లగా అయింది. అక్క నంబరు నొక్కబోయాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఫారంలో రాసిన బరువు.

వేలు ఆగిపోయింది. డెబ్బై రెండు పెట్టి మళ్లీ లెక్క వేశాను. ముప్పై వచ్చింది. కంపెనీ దగ్గరున్న కాగితంలో అక్క కాస్త ఒళ్లున్న మామూలు మనిషి. ఇప్పుడు క్లెయిమ్ పంపితే వాళ్లు మొదట తెరిచేది ఆ ఫారమే. ఫోన్ జేబులో పెట్టేశాను.

పదకొండు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఈ పదకొండు రోజుల గురించి రాయడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. నిజం చెబితే నా ఏజెంటు కోడ్, అంటే పాలసీలు అమ్మే అనుమతి, పోతుంది. చెప్పకపోతే అక్క తన లావునే తిట్టుకుంటూ ఊరుకుంటుంది, నా మీదకు ఏమీ రాదు. ఈ లెక్క నేను మాటల్లో చేసుకోలేదు కానీ, లోపల చేస్తూనే ఉన్నాను. అక్క రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎమ్మిగనూరు వైపు పనులుంటే వాయిదా వేసుకున్నాను. ఒకరోజు మా ఇంటావిడ, "వదినకు ఎట్ల ఉండాదో కనుక్కుందాం" అంటే, "బాగానే ఉండాదంట" అన్నాను.

పన్నెండో రోజు పొద్దున పదకొండింటికి అక్కే ఆదోని వచ్చింది. మా ఆఫీసు ఒక విత్తనాల కొట్టు మీద, రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. కిటికీలోంచి చూస్తే ఆటో దిగుతూ కనపడింది. మెట్ల మొదట్లో కమ్మీ పట్టుకుని పైకి చూస్తోంది. ఆఫీసులో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు కూడా చూశారు. వాళ్లు నవ్వలేదు, ఏమీ అనలేదు. అయినా నాకు చెమట పట్టింది. ఆమె పైకి రాకముందే నేను గబగబా దిగాను. ఆమె మోకాళ్ల మీద జాలితో దిగానని చెప్పుకోవచ్చు. కానీ ఆమెను వాళ్ల ముందుకు రానివ్వకూడదని కూడా దిగాను.

విత్తనాల కొట్టు వరండాలో బెంచీ ఉంది. దాని మీద కూర్చుని ఊపిరి తీసుకునేసరికి ఆమెకు ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత సంచిలోంచి ఆ నలభై పేజీల పుస్తకం తీసింది. మధ్యలో గుర్తుకు రంగు దారప్పోగు పెట్టి ఉంది.

"జూనియర్ కాలేజీ మేడం ఒకామె జాకెట్ కుట్టించుకోను వచ్చింటే ఇది సదవమని ఇచ్చినా" అంది. "రెండుసార్లు సదివింది. నీకు వస్తాదే, ఎవరు రాదనింది అని అడిగింది. మా తమ్ముడు అన్నాడని సెప్పలేకపోతిరా. ఎవరో అన్నారంటి."

నేను ఆ దారప్పోగు వైపే చూస్తున్నాను.

"సదవకనే సెప్పినావా?"

"అవునక్కా."

ఆమె పుస్తకం వెనక అంటించి ఉన్న ఫారం నకలు తిప్పి, వేలు పెట్టి చూపింది. "సరే, అది వదిలెయ్. ఈ తూకం ఎవరిదిరా?"

విత్తనాల కొట్టులోంచి ఎవరో బస్తా లాగుతున్నారు. ఆ చప్పుడు ఆగేవరకూ నేను ఆగాను. తర్వాత చెప్పాను. అడగడానికి మొహమాటపడ్డానని, నేనే అంకె వేశానని. పరీక్షల సంగతి, మార్చి నెల సంగతి కూడా చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక సగంలో ఆపడం కుదరలేదు. ఈ పదకొండు రోజులూ తెలిసే ఊరుకున్నానని కూడా చెప్పాను.

ఆమె ఏడవలేదు, అరవలేదు. "నేను దినామూ పదిమంది ఆడోళ్ల కొలతలు తీస్తా" అంది మెల్లగా. "లావోళ్లు వస్తారు, సన్నోళ్లు వస్తారు. ఒకామెకు ఒక రొమ్ము తీసేసిండారు, ఆమె కూడా నా తావనే కుట్టించుకుంటాది. ఎవురినీ సూసి అందాజాగా రాసుకోను. అడుగుతా, టేపు పెడతా, రాసుకుంటా. లేకుంటే గుడ్డ పాడైతాది. నువ్వు ఒక్క మాట అడగలేకపోతివా? నేను సెప్తాంటి గదా. నూటా మూడు అని రాసిన ఆస్పత్రి సీటీ కూడా అప్పుడు బీరువాలోనే ఉండె."

అప్పుడైనా నేను బుద్ధి తెచ్చుకోవాల్సింది. తెచ్చుకోలేదు. "అక్కా, ఒక పని చేద్దాం" అన్నాను. "ఆ చీటీ బయట పెట్టొద్దు. పాలసీ తీసుకున్నాక ఈ నాలుగేండ్లలోనే బరువు పెరిగినావని రాద్దాం."

ఆమె నా వైపు తిరిగి చూసింది. ఆ చూపును నేను మర్చిపోలేను.

"నాలుగేండ్లలో నలబై కేజీలు పెరిగినానని రాస్తావా? నీ తప్పు తీసకచ్చి మల్లా నా ఒంటి మీదనే ఏస్తావా?" పుస్తకం సంచిలో పెట్టుకుంది. "నాకు అబద్దం వొద్దు. నువ్వు రాసినావని రాయి. అంతే."

బస్సు ఎక్కించడానికి వెంట వెళ్లాను. ఆటోలో బస్టాండు వరకూ ఆమె ఆ సంచిని ఒళ్లోంచి దించలేదు.

ఆ వారమే ఆస్పత్రి వాళ్లు కంపెనీకి అనుమతి కోసం కాగితాలు పంపారు. నేనూ ఒక ఉత్తరం పంపాను. కానీ ఆ ఉత్తరంలో, "దరఖాస్తు నింపు సందర్భంలో బరువు విషయమై పొరపాటు జరిగినది" అని రాశాను. ఎవరి వల్ల జరిగిందో రాయలేదు. పొరపాటు దానంతట అదే వచ్చి గడిలో కూర్చున్నట్టు రాశాను. మా అధికారి అది చూసి, "ఇది కూడా ఎందుకన్నా, ఇంకో ఏడాది పైన ఆగితే ఐదేండ్లు నిండుతుంది, అప్పుడు ఫారంలో తప్పుల్ని లేవనెత్తడం వాళ్లకు కష్టం" అన్నాడు. నిద్రలో ఊపిరాగే మనిషిని ఏడాది ఆగమని చెప్పడం నా వల్ల కాలేదు. అంతమాత్రం మనిషితనం నాలో మిగిలి ఉంది.

కంపెనీ జవాబు ఇరవై రోజులకు వచ్చింది. పాలసీదారు తన అసలు బరువును దాచారని, అందువల్ల అనుమతి నిరాకరిస్తున్నామని ఉంది. పాలసీ రద్దు చేసే హక్కు కూడా తమకుందని ఉంది. ఆ కాగితం నేనే తీసుకుని ఎమ్మిగనూరు వెళ్లి, తెలుగులో చెప్పాను. బావ గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. తక్కువ మాట్లాడే మనిషి.

"ఏమని రాసిండారు? మల్లా సెప్పు" అంది అక్క.

"దాచినారు అని."

ఆమె తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది. "ఇంత ఒళ్లు యాడ దాచేదిరా?" అంది.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పైట చెంగుతో మొహం కప్పుకుని, ఆదోనిలో బెంచీ మీద ఏడవనిదంతా అప్పుడు ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ ఆ ఒంటిని అందరూ చూశారు. సందులో చూశారు, బస్సులో చూశారు, పెళ్లిళ్లలో చూశారు. దాచుకునే వీలు ఆమెకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడు దాచిందని కాగితం రాసి పంపారు. రాయించింది నేను.

అక్కడే, కుట్టుమిషను పక్కన ఉన్న బల్ల మీద రెండో ఉత్తరం రాశాను. "బరువు గడి నేను నింపాను. పాలసీదారును అడగలేదు. ఆమె చెప్పలేదనడం అబద్ధం. అడిగి ఉంటే చెప్పేది. వైద్య పరీక్షలు తప్పించడానికి, నా నెలవారీ లక్ష్యం కోసం తక్కువ రాశాను. తన సుగరు గురించి ఆమె దాచకుండా చెప్పిన సంగతి అదే ఫారంలో ఉంది." అక్క కబురు పెడితే కాలేజీ మేడం వచ్చి దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. రాస్తున్నంతసేపూ నా మొహం చూడకపోవడమే ఆమె చేసిన మర్యాద. పాత ఆస్పత్రి చీటీ, నిద్ర పరీక్ష, సుగరు రిపోర్టులు, మినహాయింపు షరతులు ఒక్కొక్కటీ ఎలా నెరవేరాయో రాసిన పేజీ, అన్నీ జతచేసి ఫిర్యాదుల విభాగానికి పంపాం.

జవాబు వచ్చేలోపు నేను ఊరుకుని ఉండలేకపోయాను. నా ఫోన్‌లో ఉన్న పాత ఫారాల ఫోటోలన్నీ తీశాను. ఒక్క అక్కదే కాదు. బీడీలు తాగే మనిషికి అలవాట్లేమీ లేవని రాశాను. బీపీ ఉన్నామెకు లేదని రాశాను. వాళ్లు చెప్పినా, "అది రాస్తే లేటవుతాదప్పా" అని నేనే ఆపిన రోజులు గుర్తొచ్చాయి. ఒక్కో ఊరికీ పోయి, ఒక్కో ఇంటి ముందూ నిలబడి, మీ ఫారంలో ఇది తప్పు రాశాను, ఇప్పుడే కంపెనీకి రాసి సరిచేసుకోండి అని చెప్పాను. దిద్దుబాటు అర్జీలు రాసిచ్చాను. కొందరు మంచినీళ్లిచ్చారు. జొన్నగిరిలో ఒక రైతు మాత్రం నన్ను కూర్చోమనలేదు. దగ్గుతూ అన్నాడు: "నాలుగేండ్లు నీ మాట నమ్మి కట్టినా. ఇప్పుడు నా బీడీల సంగతి నేనే పోయి వాళ్లకు సెప్పుకోవల్ల. వాళ్లు తీసేస్తే ఎవురు దిక్కప్పా?" కంపెనీ ఆయన పాలసీ తీసేసింది కూడా. ఆ ఇంటి ముందు నుంచి నేను ఇంకెప్పుడూ పోలేదు.

రెండు నెలలకు కంపెనీ నిర్ణయం వచ్చింది. అసలు బరువు ప్రకారం అన్నేళ్లకూ పడాల్సిన అదనపు ప్రీమియం కట్టించుకుని ఆపరేషన్‌కు అనుమతి ఇచ్చారు. అదే వారంలో నా ఏజెన్సీ రద్దయింది. మా అధికారి ఫోన్ చేసి, "నీకు అవసరమా అన్నా ఇది" అన్నాడు. నేను మళ్లీ జిన్నింగు మిల్లులో చేరాను. అందులో త్యాగమేమీ లేదు. నేను చెడగొట్టిన దాన్ని సగం బాగుచేయడానికే అంత ఆలస్యమైంది.

ఆపరేషన్ రోజు కర్నూలు వస్తానంటే అక్క వద్దంది. "మీ బావ ఉంటాడు, సాలు" అంది. నేను మిల్లులోనే ఉండి, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం నాలుగింటికి బావ నుంచి "అయింది" అని ఒక్క మాట మెసేజ్ వచ్చింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం ఎమ్మిగనూరు పోయాను. అక్క ముఖం చిన్నదైంది, మెడ కింద చర్మం వదులైంది. సగం ఇడ్లీని పావుగంట సేపు నమిలి తింటోంది. తన పాత జాకెట్లన్నీ విప్పి లోపలికి కుట్టుకుంటున్నానని చెప్పింది. మాట మామూలుగానే ఉంది. ఆ మామూలుతనం భరించలేక నేనే అడిగాను.

"కోపం పోయిందా అక్కా?"

"పోలేదురా" అంది, ఇడ్లీ ముక్క తుంచుకుంటూ. "ఆపరేషన్ అయితే పోతాదనుకున్నా. పోలేదు. పోయిందని అబద్దం ఏమిటికి సెప్పేది? నువ్వు వస్తాండు, పోతాండు. అన్నం పెడతా. కోపం దాని పాటికి అది ఉంటాది."

తల ఊపాను. క్షమించానని ఆమె అని ఉంటే ఆ రోజు నేను తేలిగ్గా ఇంటికి వచ్చేవాణ్ణేమో. అలా రానందుకు ఇప్పుడు బాధ లేదు.

బయటికి వస్తుంటే బావ వెంట వచ్చాడు. బస్టాండు దాకా నడిచాం. ఎప్పటిలాగే ఏమీ మాట్లాడడనుకున్నాను. బస్సు కదలబోయే ముందు కిటికీ దగ్గరికి వచ్చి, చువ్వ పట్టుకుని, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఇప్పుడు బాగా నిద్రపోతాందప్పా. ఏడాది పైన నేను నిద్రపోలే. ఊపిరి ఆడతాందా లేదా అని సూస్తా కూచుంటాంటి."

ఆయన అలా కూర్చునేవాడని నాకు తెలియదు. నేను తెలిసి ఊరుకున్న పదకొండు రోజుల్లోనూ ఆయన అలాగే కూర్చుని ఉంటాడు. బస్సు కదిలింది. ఆయన చువ్వ వదిలి, చెయ్యి ఊపకుండా, వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచాడు.